15 వేలలో పాత డెస్క్‌టాప్: డీటీపీ పనికి ఐ7 నాలుగో జెన్ తీసుకోవాలా, ఐ5 ఎనిమిదో జెన్నా?

తెనాలి డీటీపీ:

అందరికీ నమస్తే. మాది తెనాలి. ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరైనా కవితల పుస్తకం వేయించుకుంటే అదీ. టైపింగ్ అంతా అను అనే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌లో, అందులో యాపిల్ అనే కీబోర్డు అమరికలో. పేజీలు పేజ్‌మేకర్ 7లో, కార్డులు కోరెల్‌లో, ఫొటోలుంటే ఫొటోషాప్‌లో.

ఇన్నేళ్లూ కోర్ టూ డుయో సిస్టమ్‌తో నెట్టుకొచ్చాను. మొన్న దాని మదర్‌బోర్డు పోయింది. బోర్డు దొరకడం కష్టమని, దొరికినా ఇక దాని మీద డబ్బు పెట్టొద్దని మెకానిక్ చెప్పాడు. మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్, హెచ్‌పీ 1020 ప్రింటర్ అన్నీ బాగానే ఉన్నాయి. నాకు కావలసింది సీపీయూ డబ్బా ఒక్కటే.

బడ్జెట్ 15 వేలు. మరీ మంచిదైతే ఇంకో వెయ్యి సర్దగలను. ఈ డబ్బుకి పనికొచ్చే కొత్తది రాదని తెలిసే రీఫర్బిష్డ్, అంటే పాతవాటిని బాగుచేసి అమ్మేవి చూస్తున్నాను. గుంటూరులో ఒక షాపులో ఐ7, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ కలిపి 11,500 అన్నారు. ప్రాసెసర్ నంబరు అడిగితే 4770 అని కాగితం మీద రాసిచ్చారు. విజయవాడ గవర్నర్‌పేటలో డెల్ ఆప్టిప్లెక్స్ 3060, ఐ5 8500, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డిస్కు) 14,500 చెప్పారు. ఐ5కి ఎక్కువ, ఐ7కి తక్కువ ఎందుకో నాకు అర్థం కాలేదు. గుంటూరు వాళ్లేమో "ఐ7 అమ్మా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అంటున్నారు.

మా బాబు ఇంటర్ ఎంపీసీ. రాత్రిళ్లు దాని మీదే పైథాన్ నేర్చుకుంటానంటున్నాడు. ముహూర్తాలు మొదలైతే నాకు కదలడానికి తీరిక ఉండదు, ఈలోపే తెచ్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

పార్క్‌లేన్ సర్వీసు:

అమ్మా, గవర్నర్‌పేట డబ్బానే తీసుకోండి. నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర సిస్టమ్ సర్వీసు చేస్తాను. ఈ ఐ7 మాట నమ్మి వచ్చినవాళ్లు కష్టార్జితం పోగొట్టుకోవడం చూసి చూసి ఉన్నాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఐ3, ఐ5, ఐ7 అనేది ఒక తరంలో ఆ ప్రాసెసర్ స్థాయి ఏమిటో చెప్తుంది, అంతే. ఏ తరమో చెప్పేది పక్కనున్న నంబరు. 4770లో మొదటి అంకె 4, అంటే నాలుగో జెన్ (తరం), 2013లో వచ్చింది. 8500 ఎనిమిదో జెన్, 2018ది. 10500 అని అయిదంకెలు ఉంటే మొదటి రెండూ చూడాలి, అది పదో జెన్. ఆ ఐ7లో నాలుగు కోర్లు, అంటే లోపల విడివిడిగా పనిచేసే భాగాలు, ఈ ఐ5లో ఆరు. అంతకంటే ముఖ్యం, విడిగా ఒక్కో కోరు వేగం కూడా 8500దే ఎక్కువ. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్ ఒక్క కోరు మీదే నడుస్తుంది కాబట్టి మీకు లెక్కలోకొచ్చేది ఆ వేగమే.

తర్వాత విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. సెక్యూరిటీ అప్‌డేట్లకి విడిగా నమోదు చేసుకున్నా ఇళ్లలో వాడేవాళ్లకి అది 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జెన్ నుంచే అధికారికంగా నడుస్తుంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. నాలుగో జెన్ మీద కూడా అడ్డదారిలో 11 ఎక్కించి ఇస్తారు, ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, స్కూలు పరీక్ష పేపర్లు ఉండే మెషీన్ అది. దాన్ని అలా వదిలేయకూడదు.

ధర తేడా కూడా ఇక్కడే ఉంది. ఏడో జెన్ దాకా ఉన్నవి ఆఫీసుల నుంచి కుప్పలుగా బయటికొస్తున్నాయి, వాటిని వదిలించుకోవాలని షాపులవాళ్ల తొందర. ఎనిమిది, ఆ పైవాటికి గిరాకీ ఉంది.

అసలు ఈ డబ్బాలు ఎక్కడివంటే, పెద్ద కంపెనీలు మూడు నుంచి అయిదేళ్లు వాడి లాట్లు లాట్లుగా మార్చేస్తాయి. మాకు వచ్చేవి ఎక్కువ హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు నుంచి. ఏసీ గదిలో, మంచి కరెంటు మీద, ఒక పద్ధతిగా నడిచినవి. అందుకే పాతవైనా బోర్డులు గట్టిగా ఉంటాయి. దెబ్బతినేవి ఫ్యాను, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, డిస్కు. ఇవన్నీ చూడగలిగినవే, మార్చగలిగినవే.

షాపుకి వెళ్లేముందు ఫోన్ చేసి సిస్టమ్ ఆఫ్‌లో ఉంచమనండి. వెళ్లగానే చేత్తో డబ్బా ముట్టుకుని చూడండి, చల్లగా ఉండాలి. కొన్ని మెషీన్లు చల్లగా ఉన్నప్పుడు ఒక్కదెబ్బకి ఆన్ కావు, షాపువాళ్లు ముందే వేడి చేసి పెడతారు. ఆన్ చేయకముందే పక్క మూత తీయమనండి. ఆప్టిప్లెక్స్‌కి పెద్దగా స్క్రూలు విప్పే పని లేదు, కాబట్టి కుదరదని అనలేరు. లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము ఫెల్టుగుడ్డలా పట్టి ఉంటే అది రీఫర్బిష్ చేసింది కాదు, పైపైన తుడిచింది. బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న డబ్బీల్లాంటి కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినవి ఒక్కటి కనపడినా వద్దనండి. కాలిన వాసన వచ్చినా అంతే.

డబ్బా మీద సర్వీస్ ట్యాగ్ అని ఏడు అక్షరాలుంటాయి. డెల్ సపోర్ట్ సైట్లో అవి కొడితే ఆ మెషీన్ ఎప్పుడు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో, మొదట ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్ పెట్టి పంపారో వస్తుంది. స్టిక్కర్ మీది ట్యాగూ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్‌లో) కనిపించే ట్యాగూ ఒకటే అయి ఉండాలి. వేరుగా ఉంటే బోర్డు గానీ డబ్బా గానీ మారినట్టే.

ఆన్ చేస్తున్నప్పుడు ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డు అడగకూడదు. అడిగితే అది పాత కంపెనీ పెట్టింది, షాపువాడు తీయించి ఇస్తేనే తీసుకోవాలి. ఎఫ్12 నొక్కితే వచ్చే మెనూలో డయాగ్నోస్టిక్స్ అని ఉంటుంది. దాన్ని నడిపితే ఫ్యాను, ర్యామ్, డిస్కు అన్నీ అదే పరీక్ష చేసి చెప్తుంది. ఈ పరీక్ష జరిగేటప్పుడు ఫ్యాను ఒకసారి గట్టిగా తిరుగుతుంది, గరగరమంటే అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు చాలామందికి తెలియనిది ఒకటి. కంపెనీలు తమ మెషీన్లన్నింటినీ మైక్రోసాఫ్ట్ దగ్గర తమ పేరున నమోదు చేసుకుంటాయి. అమ్మేటప్పుడు ఆ పేరు తీసేయడం మరిచిపోతే, మెషీన్ మీది కాదు. షాపులో నెట్ కలపకుండా విండోస్ వేసి ఇస్తారు, బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకి మీరు ఫార్మాట్ కొట్టించి నెట్ కలపగానే నీలం స్క్రీన్ మీద ఏదో కంపెనీ పేరు, స్వాగతం అని, కింద ఆఫీసు మెయిల్ ఐడీ కొట్టమని గడి. వికారాబాద్ నుంచి ఒక అబ్బాయి అలాంటి డబ్బా పట్టుకొచ్చాడు. బిల్లు లేదు, అమ్మినవాడి ఫోన్ పనిచేయదు. ఆ కంపెనీ తన జాబితాలోంచి తీసేస్తే తప్ప దానికి సరైన దారి లేదు. కాబట్టి షాపులోనే, మీ ఎదుటే విండోస్ కొత్తగా వేయమనండి. వేసేటప్పుడు మీ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇవ్వండి. ఓ గంట పడుతుంది. ఆ గంట కూర్చోండి అమ్మా, ఏమీ మొహమాటపడకండి.

విండోస్ ఎక్కాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం శాతంలో, ఎన్ని గంటలు నడిచిందో అంకెల్లో చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర డిజిటల్ లైసెన్స్ అని ఉండాలి. విండోస్ 10 లైసెన్సుతో వచ్చిన ఆఫీసు మెషీన్లకి బోర్డులోనే లైసెన్సు కీ ఉంటుంది, విడిగా కీ కొనకండి.

ర్యామ్ సంగతి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. తర్వాత వేసుకుందాంలే అనుకోకండి, బేరం అంతా దీని మీదే ఆడండి. 8 బదులు 16 జీబీ చేసి ఇస్తే మీ ఇంకో వెయ్యీ పెట్టొచ్చు. 8 మాత్రమే ఇస్తానంటే ఒకే స్టిక్కుగా ఇవ్వమనండి, రెండో స్లాటు ఖాళీగా ఉంటుంది. పేజ్‌మేకర్‌కి 8 ఎక్కువే. ఫొటోషాప్, బ్రౌజరు, కోరెల్ ఒకేసారి తెరిచినప్పుడు కావలసింది 16.

ఖమ్మం లెక్కల మాస్టారు:

పైన చెప్పినవాటిలో విండోస్ విషయంలో కొంచెం తేడా ఉంది నాకు. నాలుగో జెన్ పనికిరానిదేం కాదు. మా బడిలో అలాంటివాటి మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి పిల్లలకి నేర్పుతున్నాం, ఎస్‌ఎస్‌డీ పెట్టాక చక్కగా నడుస్తున్నాయి. పైథాన్ దాంట్లో ముందే ఉంటుంది, వైరస్ బాధ చాలా తక్కువ. 11,500 మరీ ఎక్కువ, దానికి వాళ్లు తగ్గాలి. మీ బాబుకి లినక్స్ అలవాటు చేయండి, ఇంజనీరింగ్‌లో చేరేసరికి అది అతనికి పెద్ద ఆస్తి.

పార్క్‌లేన్ సర్వీసు:

మాస్టారు గారూ, బడికి మీరు చేసింది సరైన పని, అందరు మాస్టార్లూ అలా చేస్తే ఎన్ని డబ్బాలు చెత్తలోకి పోకుండా ఆగుతాయో. కానీ ఈవిడ తిండి పేజ్‌మేకర్, అను మీద ఉంది. అవి లినక్స్‌లో నమ్మకంగా నడవవు. అందుకే 8500 మీద విండోస్ పెట్టుకుని, బాబుకి అదే మెషీన్లో ఇంకో ఎస్‌ఎస్‌డీ మీద మింట్ వేస్తే ఇద్దరికీ గొడవ ఉండదు. పైథాన్ మాత్రం విండోస్‌లోనూ ఉచితమే, ఇప్పుడే మొదలుపెట్టమనండి.

హాలియా జిరాక్స్:

అక్కా, మాది నల్గొండ జిల్లా హాలియా, జిరాక్స్ షాపు. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఉంటే చిన్న డబ్బాలు కూడా చూడండి. నాది లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ, ఐ5 8400టీ. పెద్ద పుస్తకమంత ఉంటుంది, మానిటర్ వెనక తగిలించాను. ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు అడాప్టర్ మీద నడుస్తుంది, ప్రాసెసర్ 35 వాట్లది. పాత టవర్ ఉన్నప్పుడు కరెంటు పోతే సేవ్ చేసుకునేలోపే యూపీఎస్ కీచుమనేది. ఇప్పుడు చేతిలో ఉన్న టైపింగ్ పని పూర్తిగా చేసుకోగలుగుతున్నాను. అడాప్టర్ పోయినా బజార్లో దొరుకుతుంది.

తెనాలి డీటీపీ:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

నిన్న బాబుని తీసుకుని గవర్నర్‌పేట వెళ్లొచ్చాను. ఫోన్ చేసి చెప్పాం కాబట్టి డబ్బా చల్లగానే ఉంది. మూత వాళ్లే తీసి చూపించారు, లోపల శుభ్రంగా ఉంది, కెపాసిటర్ల తలలన్నీ బాబు టార్చి వేసి చూశాడు. ట్యాగ్ కొడితే 2019 అని వచ్చింది, ఐ5 8500 అనే ఉంది. బయోస్ పాస్‌వర్డు అడగలేదు. విండోస్ కొత్తగా వేయమంటే షాపాయన మొదట ఇప్పుడెందుకమ్మా అన్నాడు గానీ, సరే అని వేశాడు. ఫోన్ నెట్ ఇచ్చాం. కంపెనీ పేరేమీ రాలేదు, మామూలుగా దేశం, కీబోర్డు అడిగింది. అప్పటిదాకా నాకు ఒకటే టెన్షన్.

16 జీబీ చేసి 15,800కి ఇస్తానన్నాడు. ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాసి ఇస్తాడట. అడ్వాన్స్ వెయ్యి ఇచ్చి వచ్చాను, ఎల్లుండి తెచ్చుకోవాలి.

రెండు సందేహాలు. నా మానిటర్‌కి నీలం కేబుల్ ఒక్కటే ఉంది, ఆ డబ్బా వెనక అలాంటి రంధ్రం లేదు. ఇంకోటి, పాత హార్డ్‌డిస్కులో ఎన్నో ఏళ్ల ఫైళ్లున్నాయి. ప్రతి ఏడాదీ అవే స్కూళ్లు, అవే శుభలేఖల మేటర్లు అడుగుతారు. అవి ఎలా తెచ్చుకోవాలి?

పార్క్‌లేన్ సర్వీసు:

మంచి బేరం అమ్మా. వారంటీ రాసేటప్పుడు సర్వీస్ ట్యాగ్ నంబరు కూడా బిల్లు మీద వేయమనండి, ఎస్‌ఎంపీఎస్‌కి, అంటే లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పవర్ సప్లైకి కూడా వారంటీ వర్తిస్తుందని రాయించుకోండి. ఈ డెల్ డబ్బాల ఎస్‌ఎంపీఎస్ వేరే రకం, బజార్లో దొరికే 24 పిన్నుల మామూలుది నేరుగా పట్టదు. పోతే ఆ మోడల్‌దే వెతకాలి.

నీలం కేబుల్ అంటే వీజీఏ. 3060 వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ ఉంటాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. దాన్ని షాపులో ఒకసారి తగిలించి చూసే తీసుకోండి. వైఫై ఆ డబ్బాలో ఉండకపోవచ్చు, అదీ అడగండి.

ఇంటికి తెచ్చాక యూపీఎస్‌కి కలిపి, సిస్టమ్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి తీసి చూడండి. ముఖ్యమైన ఫైళ్లేమీ తెరిచి ఉంచకుండా చేయండి. కొత్తతరం ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని పాత యూపీఎస్‌ల మీద, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద సరిగా నిలబడవు, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే సాధారణంగా మీ యూపీఎస్ బ్యాటరీ అయినా అయిపోయి ఉండాలి, లేదా ఈ రకం గొడవ అయినా అయి ఉండాలి. డబ్బా పాడైందని కంగారు పడొద్దు.

హార్డ్‌డిస్క్ సంగతి జాగ్రత్తగా చేయండి. పోయింది బోర్డు కాబట్టి డిస్కు బాగుండే అవకాశమే ఎక్కువ. కోర్ టూ డుయో కాలానిది కాబట్టి సాటా అనే రకం కనెక్షన్ ఉన్న డిస్కే అయి ఉంటుంది. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ దొరుకుతుంది. మీది పెద్ద డిస్కు, 3.5 అంగుళాలది, కాబట్టి విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేబులే అడగండి. చిన్నదానికి వాడే కేబుల్‌తో అది తిరగదు. కలిపాక ముందు ఏదీ తెరవొద్దు, మొత్తం ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసేయండి. ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే మాత్రం ఒప్పుకోకండి, కేబుల్ తీసేసి నాకు ఇక్కడే రాయండి.

పీఎండీ ఫైళ్లు, అంటే పేజ్‌మేకర్ ఫైళ్లు ఒక్కటే తెచ్చుకుంటే సరిపోదు. అను అక్షరాలు యూనికోడ్ (అన్ని మెషీన్లలో ఒకేలా చదవగలిగే పద్ధతి) కావు, ఆ ఫాంటు లేని మెషీన్లో మీ శుభలేఖ అంతా ఇంగ్లిష్ గుర్తుల ముద్దలా కనిపిస్తుంది. పాత డిస్కులో విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తం కాపీ చేసి పెట్టుకోండి. మీరు తర్వాత తెచ్చుకున్న విడి ఫాంట్లు కూడా చాలావరకు అందులోనే ఉంటాయి. పేజ్‌మేకర్ పేజీల్లో పెట్టిన ఫొటోలు చాలావరకు ఫైలు లోపల ఉండవు, ఉన్నచోటు గుర్తు మాత్రమే ఉంటుంది. అందుకే ఫోల్డర్ల పేర్లు మార్చకుండా, వీలైతే అదే డ్రైవు అక్షరంతో పెట్టండి. లేకపోతే ప్రతి ఫైలుకీ ఫొటోలు ఎక్కడని అడుగుతుంది.

విండోస్ 11 అంటే 64 బిట్ మాత్రమే. మరీ పాత ఇన్‌స్టాలర్లు కొన్ని దాంట్లో కదలవు. మీ అను ఏ వెర్షనో చూసి, అది 64 బిట్ మీద నడుస్తుందో లేదో మీకు అమ్మినవాళ్లని రేపే అడగండి, ఎల్లుండి డబ్బా వచ్చాక కాదు. 1020 ప్రింటర్‌కి ఇబ్బంది ఉండదు, హెచ్‌పీ సైట్ నుంచి డ్రైవర్ వేసుకుంటే విండోస్ 11 మీద నా కస్టమర్ల దగ్గర నడుస్తోంది.

కాపీ అయ్యాక పాత డిస్కుని పారేయకండి, బాబుకీ ఇవ్వకండి. అట్టపెట్టెలో పెట్టి మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. కొత్త ఎస్‌ఎస్‌డీలో ఉన్నది ఒక కాపీ, ఇది రెండోది. అను వాళ్లు ఏమన్నారో రాయండి, దాన్నిబట్టి మిగతాది చూద్దాం.